మౌలాలీ తలూపిన రోజు

మాచర్ల నుంచి సాగర్‌కు పోయే రోడ్డు మీద ఓ రేకుల కొట్టు మౌలాలీది. పొలం మోటార్లు, స్కూటర్లు, పడవల వెనక తగిలించే ఇంజన్లు బాగుచేస్తాడు. అరవై రెండేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా ఆయన పద్ధతి ఒకటే: ముందు స్పానరు పట్టడు. ఇంజను స్టార్ట్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటాడు. నేను తిరిగిన ఊళ్ళలో నాడి పట్టుకుని రోగం చెప్పే వైద్యులను చాలామందిని చూశాను. వాళ్ళలో సగం మంది ఉత్త మాటకారులు. మౌలాలీ మాటకారి కాదు. "రింగు పోయింది" అన్నాడంటే రింగే పోయి ఉండేది.

ఆ చెవులు మూడేళ్ళుగా పోతున్నాయి. సంగతి భార్య హలీమాకు తప్ప ఎవరికీ తెలియదు. చెవిటి మెకానిక్కు దగ్గరికి ఇంజను ఎవరు తెస్తారని ఆయన భయం.

వేసవి మొదట్లో సాగర్ ఒడ్డునున్న అనుపు నుంచి బెంజిమిన్ వచ్చాడు. చేపల పడవ అతనిది. దానికి పాతికేళ్ళ నాటి మోటారు. ఆ వారం నేను మాచర్లలోనే ఉన్నాను, పొద్దుపోక ఆ కొట్టు ముందు బల్ల మీద కూర్చునేవాణ్ణి.

"మావా, పికప్ లేదు. నెమ్మదిగా పోతే బానే ఉంటది. స్పీడు అందుకోమంటే అందుకోదు."

మౌలాలీ మోటారును నీళ్ళ డ్రమ్ములో దించి స్టార్ట్ చేశాడు. స్క్రూడ్రైవర్ పిడి కుడి చెవికి పెట్టుకున్నాడు, తర్వాత ఎడమ చెవికి. చివరికి అరచెయ్యి ఆనించి చూశాడు. ఆయన అలా వంగి ఉండగా బెంజిమిన్ వెనక నుంచి భుజం తట్టి అన్నాడు: "ఇంకోటి మావా. రైజ్ చేస్తే సౌండు మాత్రం పెరుగుద్ది, పడవ కదలదు."

మౌలాలీ తలూపాడు.

ఇంజను గొంతు పెరిగినా పడవ కదలలేదంటే తప్పు ఇంజనుది కాదు. దాని బలం నీళ్ళలో తిరిగే ఫ్యానుకు అందడం లేదని అర్థం. ఇది తర్వాత ఆయనే నాకు చెప్పాడు. ఆ రోజు మాత్రం కార్బరేటర్ విప్పి కడిగాడు, ప్లగ్గు మార్చాడు, పెట్రోలు గొట్టం కొత్తది వేశాడు. "ఇక గుర్రమేరా, పో" అన్నాడు.

సాగర్ నీళ్ళ కింద ఇక్ష్వాకుల రాజధాని ఉంది. తవ్వకాల్లో దొరికిన రాళ్ళను కొండ మీదికి చేర్చారు, లోయను మాత్రం ముంచేశారు. పొద్దున చూస్తే ఆ నీళ్ళు కదలకుండా తెర పరిచినట్టు ఉంటాయి. మధ్యాహ్నం గాలి లేచిందా, మనుషుల మాట వినవు.

మూడో రోజు బెంజిమిన్ మళ్ళీ వచ్చాడు. వెంట అతని భార్య ప్రేమమ్మ, మోచేతికి కట్టు.

"ఏంది బాబాయ్ నువ్వు చేసిన రిపేరు?" అంది ఆమె. "గాలికి పడవ రాళ్ళ మీదికి పోతా ఉంది. మోటారు గావుకేకలు పెడతంది, పడవ అడుగు కదల్లా. రాయికి గుద్దుకుని నీళ్ళలో పడ్డా. ఈయన జుట్టు పట్టుకుని లాగబట్టి బతికా."

"నీకు ముందే చెప్పాగా మావా, సౌండు పెరుగుద్దిగాని కదలదని! తలూపావు గూడా!"

మౌలాలీ ముఖం పాలిపోయింది. నా వైపు చూశాడు. అవును, చెప్పాడన్నట్టు సైగ చేశాను.

అందరం అనుపు పోయాం. ఫ్యాను నడిమి గొట్టం మీదా, దాని చుట్టూ ఉన్న రెక్కల మొదలు మీదా కలిపి ఒకే గీత తెల్లరంగుతో గీశాడు మౌలాలీ. ఒడ్డు వెంట కాసేపు గట్టిగా రైజ్ చేయించి, మోటారు పైకెత్తి చూశాడు. గీత విరిగి రెండు ముక్కలయింది. ముక్కల మధ్య రెండు వేళ్ళ ఎడం.

"రెంటికీ మధ్య రబ్బరు పట్టు వదిలింది. గొట్టం తిరుగుతంది, రెక్కలు జారిపోతన్నయ్."

"బాబాయ్, నీకు వినపడదా?" అంది వెనక కూర్చున్న ప్రేమమ్మ. ఆయన తిరగలేదు. ఆమె లేచి, ఎదురుగా వచ్చి మళ్ళీ అడిగింది. ఆయన ఆమె పెదాలు చూశాడు.

"మూడేళ్ళయింది."

"వినపడనోడివి తలెందుకూపావయ్యా?" అన్నాడు బెంజిమిన్.

"ఊపితే ఇంకో మాట అడగరు గదరా."

మౌలాలీ కొట్టు నుంచి వెంట తెచ్చిన పాత ఫ్యానుల్లో గట్టిది ఏరి బిగించాడు. పడవ ముక్కు పైకెత్తి దూసుకుపోయింది. తిరిగొచ్చాక బెంజిమిన్ మెత్తబడ్డాడు. "చానా బాగా పోతంది మావా. అయిందేదో అయింది, పోనీలే."

"దీన్నింక నా దగ్గరికి తేమాక. స్కూటరు ఆగితే దిగి నడుస్తారు. నీళ్ళ మీద ఏడ దిగుతారు?"

"మరి ఎవరికి చూపించను?"

"చెవులున్నోడికి."

కొట్టులో ఇంకో రెండు పడవ మోటార్లున్నాయి. ఆ సాయంత్రమే వాటివాళ్ళకు ఫోను చేసి తీసుకుపొమ్మని చెప్పమన్నాడు హలీమాతో. ఆమె ఆయన ఎదుట నిలబడి, వాళ్ళు ఎందుకని అడిగితే ఏం చెప్పమంటావంది.

"ఉన్నదే చెప్పు" అన్నాడు మౌలాలీ.