మాలతి సీదా చేసిన బండి

మాలతి బండి ఎడమకు గుంజుతోంది. రెండు నెలలుగా ఇదే గోల. హ్యాండిల్ మీద పట్టు కాస్త వదులైతే చాలు, రోడ్డు పక్క మోరీ వైపు పరుగు తీస్తుంది. వెనక సీటు మీద పోచంపల్లి చీరల మూట కట్టుకుని, బడంగ్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఇల్లిల్లూ తిరిగి అమ్మే మనిషి ఆమె. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కుడి భుజం పుండయ్యేది.

మెకానిక్ రాజు దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్ళింది. రెండు నెలల కిందట ఇంజన్ దింపి బాగుచేసిందీ, వెనక టైరు మార్చిందీ అతనే. మూడుసార్లూ ఒకటే మాట. అదైనా ఆమెతో అన్నాడా? లేదు, ఆమె వెనక నిలబడ్డ భర్త నరేష్‌కుమార్‌తో అన్నాడు.

"బండి మంచిగనే ఉందన్నా. వదిన చేతులల్ల బలం లేదు. ఆడోళ్లకు గేర్ల బండి ఎందుకు చెప్పు? స్కూటీ ఇప్పియ్యి."

పన్నెండేళ్ళుగా అదే బండి తోలుతున్న మనిషికి చేతుల్లో బలం లేదట! ఉన్న బలం కాస్తా ఇతగాడు టైరు మార్చిన రోజే ఊడిపోయిందా? మాలతికి ఒళ్ళు మండిపోయింది. మొగుడు తలూపినందుకు ఇంకా మండింది. తలూపి ఊరుకున్నాడా, ఫోనులో బండి ఫొటోలు పెట్టి కొనే మనిషిని కూడా చూశాడు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి చూసుకుంటాడని శనివారం అన్నం తింటూ చల్లగా చెప్పాడు. స్కూటీ మీద అంత మూట పట్టదు. మూట తగ్గితే ఆమె వ్యాపారం సగం పడిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు.

ఆదివారం పొద్దున్నే మాలతి వాకిట్లో బండికి సెంటర్ స్టాండ్ వేసింది. పుట్టింటి మగ్గానికి వాడే గట్టి నూలు దారం తెచ్చింది. పక్కింటి కౌసల్యమ్మ గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏంటమ్మాయ్, బండికి మగ్గం వేస్తున్నావేంటి?"

"మగ్గమే అనుకో పిన్నీ. జర వచ్చి హ్యాండిల్ సీదగ పట్టుకో."

వెనక టైరుకు దారం చుట్టి, రెండు కొసలూ చెరో పక్కనుంచి టైరును ఆనించి ముందుకు లాగి, ముందు చక్రం అవతల రెండు ఇటుకలకు కట్టింది. వంగి చూసింది. ఒక పక్క దారానికీ ముందు టైరుకీ మధ్య వేలు దూరుతోంది, రెండో పక్క టైరు దారాన్ని నెట్టేస్తోంది. వెనక చక్రం వంకరగా కూర్చుంది! చెయిన్ దగ్గర రెండు వైపులా, చక్రం ఎక్కడ నిలవాలో చూపించే గీతలుంటాయి. టైరు మార్చినప్పుడు రాజు ఆ గీతలు చూసి బిగించి చేతులు దులుపుకున్నాడు. మాలతి పుట్టిన ఇంట్లో గీతల లెక్క చెల్లదు. ఒక్క పోగు పక్కకు జరిగితే చీర మీద పువ్వు చెడిపోతుంది, నాన్న చేత తిట్లు పడతాయి.

అంతటితో అయిందా? రాజు దింపి ఎక్కించిన ఇంజన్ వెనక బోల్టు చేత్తోనే తిరిగింది. ఇంజన్ కూడా పక్కకు ఒరిగింది, చెయిన్ ఒకవైపే అరిగింది. ఇదన్నమాట ఆడవాళ్ళ చేతుల బలహీనత! ఇంజన్ సరిగ్గా కూర్చోబెట్టి బోల్టు బిగించింది. వెనక చక్రం నట్టు వదులు చేసి, అటు కాస్త ఇటు కాస్త తిప్పుతూ, రెండు పక్కలా సందు సమానమయ్యేదాకా సరిచేసి గట్టిగా బిగించింది. తర్వాత వీధి చివరి దాకా తోలి చూసింది. బండి పక్కకు జరగలేదు. అందాకా నరేష్‌కుమార్ మెట్ల మీద కూర్చుని ఫోను చూస్తూనే ఉన్నాడు, ఈమెనూ చూస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం విశ్వేశ్వరరావు అనే పెద్దాయన బండి కొనడానికి వచ్చాడు. ఓ చుట్టు తిరిగి వచ్చి దిగుతూనే, "భలే ఉందండీ బండి! గీత గీసినట్టు పోతోంది. ఎవరు చేశారండీ?" అన్నాడు.

"మా మెకానిక్ రాజు అని ఉన్నడు సార్. పనిమంతుడు," అన్నాడు నరేష్‌కుమార్.

కౌసల్యమ్మ గోడ అవతల "అయ్యయ్యో" అంది. మాలతి భర్తను పక్కకు పిలిచింది.

"ఎవలు చేసిన్రు?"

"నువ్వే చేసినవ్, నేను చూడలేదా? కానీ ఆడమనిషి సెట్ చేసిందంటే ఎవలు కొంటరే? జర సమజ్ చేస్కో."

మాలతి పానా తీసుకుని బండి పక్కన గొంతుకూర్చుంది. వెనక చక్రం నట్టు వదులు చేసి, చక్రాన్ని మళ్ళీ ఆ గీతల మీదికి జరిపి బిగించింది. ఇంజన్ వెనక బోల్టు చేత్తో తిరిగేదాకా వదులు చేసింది. విశ్వేశ్వరరావు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నరేష్‌కుమార్ "ఏందే నువ్వు, పిచ్చా?" అంటూ పరిగెత్తుకొచ్చాడు.

మాలతి లేచి పానా అతని చేతిలో పెట్టింది.

"రాజు పెట్టిన కాడికే తెచ్చిన. ఇగ అమ్ముకో."