టేపు లేని అతుకు

మా మామయ్య కంటికి ఈ లోకంలో కనబడేది ఒక్కటే, అతుకు. రెండు జిప్సం బోర్డులు కలిసినచోట లోపల టేపు వేశారా లేదా అన్నది ఆయనకి చావుబతుకుల సమస్య. అమ్మకి తమ్ముడు. బోర్డు గోడల పనిలో చెయ్యి తిరిగినవాడు. ఊరంతా ఆయన్ని టేపు మామయ్య అనే అంటుంది.

ఎవరింటికి వెళ్లినా మనుషుల్ని పలకరించడు. నేరుగా వెళ్లి గోడని అరచేత్తో నిమురుతాడు. నిమిరి నిట్టూర్చాడంటే ఆ ఇంటివాళ్లు దొరికిపోయినట్టే.

"ఉత్త లప్పం పూసి వదిలేశారండీ! ఇవాళ నున్నగానే ఉంటుంది. ఇల్లన్నాక ఎండకి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. లప్పం సాగదు కదా, పగులుతుంది. లోపల టేపు ఉంటేనే రెండు బోర్డులూ ఒక్క మాట మీద ఉంటాయి."

ఇంటావిడ ఇచ్చిన టీ చల్లారిపోయేది గానీ మామయ్య ఉపన్యాసం ఆగేది కాదు.

"పెళ్లిచూపులకి మా ఇంటికొచ్చినప్పుడు గంటసేపు కళ్లార్పకుండా చూశారు. నన్నే అనుకుని తెగ సిగ్గుపడిపోయాను. తీరా చూస్తే నా వెనకాల గోడ!" అని అత్తయ్య ఇప్పటికీ మూతి తిప్పుతుంది.

ఓసారి జ్వరమొస్తే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"నోరు తెరవండి" అన్నాడు డాక్టరు.

"నేను తెరుస్తాను గానీ డాక్టరుగారూ, మీ వెనకాల అతుకు కూడా చలికాలానికి తెరుచుకుంటుంది. టేపు వెయ్యలేదు."

జ్వరం తగ్గీ తగ్గకముందే నిచ్చెన పట్టుకెళ్లి, డాక్టరు వద్దంటున్నా వినకుండా టేపు వేసి వచ్చాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం.

ఇలా ఉండగా మా నాన్నకీ బాబాయికీ చెడింది. గొడవ దేనిమీద మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. ముందు ఎవరు పలకరించకూడదో మాత్రం ఇద్దరికీ బాగా గుర్తుంది. పొడవాటి మా హాలుని మధ్యకి చీల్చి గోడ పెట్టాలనుకున్నారు, ముందు గుమ్మం నాన్నకి, పక్క గుమ్మం బాబాయికి.

"మరి నేనెటు ఉండాలిరా?" అంది నానమ్మ.

"మావైపే" అన్నారిద్దరూ. ఆ రోజుల్లో వాళ్లు కలిసి అన్న మాట అదొక్కటే. నానమ్మ కుర్చీ ఎటు వెయ్యాలో తెలియక అమ్మ ఏడ్చినంత పనిచేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వైనా కట్టనని చెప్పరా!"

"నేను కాదంటే ఇంకొకణ్ణి పిలిచి ఇటుకలతో కట్టిస్తారక్కా. అదేదో నేనే కడతాలే" అన్నాడు మామయ్య.

హుషారుగా ఈలవేస్తూ రెండువైపులా బోర్డులు బిగించాడు. అతుకుల్లో లప్పం కూరాడు, గరుకు కాగితంతో రుద్దాడు, రంగు డబ్బా మూత తీశాడు. నేను నోరు వెళ్లబెట్టాను.

"మామయ్యా, టేపు?"

"అయిపోయిందమ్మా."

చొక్కా జేబులో కొత్త టేపు చుట్ట ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉంది. పాపం, పైకి ఈలవేస్తున్నా అక్క ఇల్లు రెండవుతోందన్న బెంగతో మతిపోయిందేమో అనుకున్నాను.

చలికాలం వచ్చింది. గోడ మీద పైనుంచి కిందదాకా ఇటూ అటూ గీత పడింది. నాన్న కబురు పెడితే మామయ్య వచ్చి నిమిరాడు. "ఇల్లు కదిలినట్టుంది బావా" అని గొణిగి, మళ్లీ ఉత్త లప్పమే పూసి పోయాడు. అది మళ్లీ పగిలింది. ఒక మధ్యాహ్నం పెచ్చు ఊడి నాన్న టీలో పడింది.

"ఛీ! ఏం పనివాడు వీడు! ఊరందరికీ నీతులు చెబుతాడు!" అని నాన్న గోడ అదిరేలా అరిచాడు.

"ఇక్కడా అంతే అన్నయ్యా! నీ బావమరిది పుణ్యమా అని నా కంచం నిండా పొడి!" అంది గోడ అవతలినుంచి బాబాయి గొంతు.

నానమ్మ కుర్చీ గోడ దగ్గరికి జరుపుకుంది. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"మరి... అన్నం తిన్నావా?"

"ఎక్కడ తినను? పారబోశాను."

"అయితే ఇటు రా. మీ వదిన వండింది."

బాబాయి చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోంచి వచ్చాడు. సాయంత్రం దాకా అన్నదమ్ములిద్దరూ మామయ్యని ఉతికి ఆరేశారు. తిట్టడానికి ఉమ్మడిగా ఒక మనిషి దొరికేసరికి ఎంత ముద్దుగా కలిసిపోయారో! ఆ ఊపులోనే గోడ తీసెయ్యమని మామయ్యకి కబురు చేశారు.

"ఇంత దిక్కుమాలిన పని నా జన్మలో చూడలేదయ్యా" అన్నాడు బాబాయి.

"తప్పయిపోయింది బావా" అన్నాడు మామయ్య తల వంచుకుని. పరాయివాళ్ల గోడ మీద గీత కనబడితేనే తోచని మనిషి, సొంత పనిని అన్నేసి మాటలంటుంటే నోరెత్తకుండా మరలు విప్పుతున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది.

బోర్డులు దిగాక సీలింగులో పాత అతుకొకటి కదిలిపోయి కనబడింది. మామయ్య జేబులోంచి టేపు చుట్ట తీశాడు.

"అయిపోయిందన్నావట కదా నాయనా?" అంది నానమ్మ, హాలు మధ్యలో వేసిన కుర్చీలోంచి.

"దొరికింది అత్తయ్యగారూ" అని నిచ్చెనెక్కేశాడు.

ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా నాన్నా బాబాయీ పక్కపక్కన కూర్చుని, "ఎవరినైనా పెట్టుకోండి గానీ మావాణ్ణి మాత్రం గోడ పనికి పిలవకండి" అని పోటీపడి చెబుతారు. మామయ్య అవునవునని తలూపుతూ, వాళ్ల వెనకాల గోడ నిమురుతూ ఉంటాడు.