సాంచలన్నీ ఆగిన సాయంత్రం

మా చిన్నప్పుడు... బడి గంట కొట్టగానే ముందు మెడ తడిమి చూసుకునేదాన్ని, తాళంచెవి ఉందా లేదా అని. అమ్మ దాన్ని నల్లదారానికి కట్టి, గౌను లోపలికి వేసి పంపేది.

సిరిసిల్లలో మా వాడంతా సాంచలే... అదే, మరమగ్గాలు. మా ఇంటి గోడకు ఆనుకునే ఒక సాంచల షెడ్డు ఉండేది. పొద్దస్తమానం టకటకా టకటకా... గూట్లో గ్లాసులు కూడా వణికేవి. చుట్టాలొస్తే "గీ సప్పుడుల ఎట్ల పండుకుంటరు మీరు?" అని చెవులు మూసుకునేవాళ్లు. నాకేమో ఆ చప్పుడుంటేనే నిద్ర పట్టేది. కరెంటు పోయి సాంచలు ఆగితే మాత్రం ఎంత గాఢనిద్రలో ఉన్నా లేచి కూర్చునేదాన్ని.

బాపు దుబాయిలో ఉండేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టి, సాయంత్రం కంపెనీలో అప్పజెప్పి, మళ్లీ ఆకు, తంబాకు తెచ్చుకునేది. అక్కడి లైను ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. అందుకే బడి నుంచి వచ్చాక చీకటి పడేదాకా ఇంట్లో నేనొక్కదాన్నే.

"ఇంట్లకు రాంగనే గొళ్లెం పెట్టు. పొయ్యికాడికి పోకు. ఎవ్వలు పిలిచినా తియ్యకు, నా గొంతు ఇనవడితేనే తియ్యి." రోజూ ఇదే పాఠం. లోకంలో దొంగలంతా మా బడి విడిచే వేళకే బయల్దేరతారని అమ్మ నమ్మకం...

ఎదురింట్లో రజియా ఖాలా, అంటే రజియా పిన్ని, ఉండేది. గడప దగ్గరే మిషను వేసుకుని బట్టలు కుట్టేది. నేను లోపలికి పోయే ముందు ఆమెకు చెయ్యి ఊపాలి. ఆమె తల ఊపాలి. అప్పుడే తలుపు వెయ్యాలి.

ఒకరోజు బడిలోనే జ్వరమొచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. ఎలాగో ఇంటికొచ్చి, ఖాలాకు చెయ్యి ఊపి, పై గొళ్లెం, కింది గొళ్లెం రెండూ పెట్టాను. ఉన్న ఒక్క కిటికీనీ మూసేశాను. గోడ పక్కన చాప వేసుకుని, సాంచల చప్పుడు వింటూ పడుకున్నాను.

తర్వాత జరిగింది అమ్మ చెబితేనే నాకు తెలుసు.

బీడీల గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన అమ్మ తలుపు కొట్టింది. పలకలేదు. మొదట మురిసిందట, పిల్ల చెప్పిన మాట వింటోందని! "నేనే బిడ్డా, అమ్మను" అని అరిచింది. అయినా పలకలేదు. అప్పుడు గంప దించి ఖాలాను కేకేసిందట.

ఖాలా పరుగున వచ్చింది. "ఇంట్లనే ఉన్నది చెల్లె, నేను చూసిన. మొకం గుంజుకపోయి ఉండె." ఆ మాటతో అమ్మకు భయం ఇంకా ఎక్కువైంది. ఇద్దరూ కలిసి తలుపు బాదారు. సాంచల చప్పుడులో ఆ బాదుడు ఎవరికి వినపడుతుంది? ఎవరో గడ్డపార తెస్తామన్నారు.

అమ్మకు అప్పుడు తట్టింది. "సాంచలు బంద్ చేపియ్యున్రి. సప్పుడు ఆగితే నా బిడ్డ లేస్తది."

ఒక్క షెడ్డు ఆగితే చాలదు, వాడంతా ఆగాలి. సాంచల మీద పనిచేసేవాళ్లకు నేసినంతకే కూలి. అమ్మ ఒకవైపు, ఖాలా ఒకవైపు ఉరికారు. మా పక్క షెడ్డు ఆసామి "ఏమైంది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే స్విచ్ కట్టేశాడట. ఆ పక్కది ఆగింది. ఆ పైది ఆగింది...

ఆ నిశ్శబ్దం మాత్రం నాకు స్వయంగా గుర్తుంది. దడుచుకుని లేచాను. కరెంటు పోయిందనుకున్నాను. తలుపు అవతల అమ్మ గొంతు. అంత జ్వరంలోనూ "ఎవ్వలు?" అని అడిగానట! ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది మా అమ్మ.

తలుపు తీస్తే వాడంతా మా గుమ్మం ముందే ఉంది. జుట్టు నిండా దూదితో సాంచల వాళ్లు నిలబడి నన్నే చూస్తున్నారు. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. ఖాలా నా నుదురు ముట్టుకుని చూసి, ఎత్తుకుని డాక్టరు దగ్గరికి నడిచింది. మా వెనకాల ఒక్కొక్క సాంచ మళ్లీ మొదలైంది.

మర్నాటి నుంచి పాఠం మారింది. తాళంచెవి ఖాలా దగ్గర, నేను ఖాలా గడప మీద. ఆమె కుడుతుంటే గుండీలు ఏరిస్తూ ఎక్కాలు చదివేదాన్ని.

ఇప్పుడు నేను జగిత్యాలలో అపార్టుమెంటులో ఉంటున్నాను. పనికి రోజూ కోరుట్ల పోయి వస్తాను. నా బిడ్డ ఆరో తరగతి, నాకంటే ముందే ఇల్లు చేరుతుంది. హాల్లో కెమెరా పెట్టించాం, చేతికి ఫోన్ ఇచ్చాం. అన్నీ చేశాననే అనుకున్నాను. ఒకరోజు నేను బస్సులోంచి చేస్తే తను ఫోన్ ఎత్తలేదు. కెమెరాలో చూస్తే హాలు ఖాళీ. స్నానానికి పోయిందట, అంతే... కానీ ఆ కాసేపట్లో ఒకటి తెలిసింది. ఎవరికి ఫోన్ చేసి "కొంచెం చూడండి" అనాలో నాకు తెలియదు. ఎదురింటి ఆమె పేరు కూడా తెలియదు!

ఆ సాయంత్రమే బిడ్డను తీసుకుని ఎదురింటి తలుపు కొట్టాను. పెద్దావిడ తలుపు తీసి నవ్వింది. "గిన్ని రోజులకు యాదికొచ్చిన్నా? లోపలికి రాన్రి." చాయ్ తాగి, నా ఫోన్ నంబరు రాసిచ్చి, ఒక తాళంచెవి ఆమె చేతిలో పెట్టి వచ్చాను.

మొన్న బస్సులో ఉండగానే కెమెరా ఆగిపోయింది. తెర మొత్తం నల్లగా అయింది. బిడ్డకు ఫోన్ చేయబోయాను. ఇంతలోనే ఫోన్ మోగింది.

"కరెంటు పోయింది బిడ్డా. నీ బిడ్డ మా ఇంట్లనే అటుకులు తింటున్నది. నువ్వు పరేషాన్ గాకు."

బస్సులో అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాను. సిరిసిల్లలో మా వాడ సాంచలు ఇప్పుడు చాలావరకు మూగబోయాయి. రజియా ఖాలా కూడా లేదు. కానీ ఆ గడప ఎక్కడికీ పోలేదనిపించింది... మనమే తలుపు కొట్టడం మానేశాం.

మీ చిన్నప్పుడు అమ్మ వచ్చేదాకా మీరు ఎవరి గడప మీద కూర్చునేవాళ్లు? వాళ్ల పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి... చదవాలనుంది.