తెర వెలిగింది, డాక్టరు లేరు

2006లో నన్ను మూలకుళం వైపు ఒక ఆరోగ్య కేంద్రానికి నర్సింగ్ సిస్టర్‌గా వేశారు. స్టాఫ్ నర్సుకు పైమెట్టు అది. అక్కడి టెలిమెడిసిన్ గది బాధ్యత కూడా నాకే అప్పగించారు. రోగిని కెమెరాలో పెద్దాసుపత్రి స్పెషలిస్టుకు చూపించాలి, ఆయన చెప్పిన వైద్యం ఇక్కడ చేయాలి. ప్రారంభోత్సవానికి రిబ్బన్లు, శాలువాలు అన్నీ సమకూరాయి. ఆ తరువాత దాన్ని ఎవరు నడపాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

కె. రాజమ్మ తట్టాంచావడిలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. చక్కెర జబ్బు మనిషి. కాలి బొటనవేలి కింద పుండు పడింది. రోజంతా నిలబడే పని కాబట్టి ఒక పట్టాన మానలేదు. వారం వారం కట్టు విప్పి స్పెషలిస్టుకు చూపించేదాన్ని. తగ్గుముఖం పట్టింది. అంతలో ఆ డాక్టరుకు డ్యూటీ మారింది. మాకు చెప్పిన నాథుడు లేడు.

ఆ వారం రాజమ్మ సెలవు పెట్టుకొని వచ్చింది. లైను కలిసింది. బొమ్మ స్పష్టంగా వచ్చింది. అందులో కుర్చీ ఒక్కటే ఉంది. పెద్దాసుపత్రికి ఫోను చేస్తే ఆఫీసువారు డిపార్ట్‌మెంటును అడగమన్నారు. డిపార్ట్‌మెంటువారు ఆఫీసును అడగమన్నారు. మరుసటి వారమూ అదే వరస.

"ఏంది సిస్టరమ్మా, కుర్చీని చూసేదానికా నన్ను రమ్మంటిరి? డాక్టరు యాడ?" అంది రాజమ్మ.

కట్టు విప్పగానే వాసన కొట్టింది. వేలు నల్లబడుతోంది, ఎరుపు పాదం మీదికి పాకింది. ఆమెను ఆటోలో ఎక్కించుకొని నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. సర్జన్లు వేలు తీసేశారు. పాదం దక్కింది.

మరునాడు నర్సింగ్ సూపరింటెండెంట్ గదికి వెళ్లాను. అవతల కూడా ఒక నర్సును బాధ్యురాలిగా పెట్టాలని, రోగిని పిలిచే ముందు ఆమెతో ఖాయం చేసుకోవాలని అడిగాను. ఈ పని నేర్చిన నర్సును, మరొకరికి నేర్పేదాకా బదిలీ చేయకూడదని కూడా అడిగాను.

"మిషను బాగానే ఉంది గదమ్మా, ఇంకేం కావాల?" అన్నారామె.

"మిషను బాగానే ఉంది మేడమ్. పోయింది వేలు" అన్నాను.

మొదటిది ఒప్పుకున్నారు. బదిలీల సంగతికి మాత్రం నెలల తరబడి తిరగవలసి వచ్చింది. రాజమ్మ కాలు మానేదాకా మా గదికే వచ్చింది. కానీ వాకిట్లో నిలబడి "డాక్టరు ఉండారా?" అని అడగందే లోపల కాలు పెట్టేది కాదు.

యంత్రం చెడి ఇలాంటి సేవ ఆగిపోవడం నేను అరుదుగా చూశాను. మనిషి మారినప్పుడు పని అప్పగించకపోవడం వల్లే ఎక్కువగా ఆగుతుంది. వార్డులో షిఫ్టు మారేటప్పుడు మంచం మంచానికీ చెప్పి అప్పగిస్తాం. తెర ముందు పనికీ అదే నియమం.