ఒకే మంచం ఉన్న గది

మా ముత్తాత పద్నాలుగు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత వాటిలో సగం నిలబెట్టుకున్నాడు. మా నాన్న ఒక్క ఊరికి పటేల్‌గా ఉండి, ఆ పటేల్‌గిరీని సర్కారు తీసేశాక కూడా పొద్దున్నే తలపాగా చుట్టుకొని కోటలాంటి మా గడి ముందు కూర్చునేవాడు, ఎవరైనా వస్తారేమోనని. గడిలో టేకు పందిరి మంచం ఒకటి ఉండేది. ముగ్గురూ తగాదాలు విన్నది దాని మీద కూర్చొనే. వచ్చినవాళ్ళు ఎంతసేపైనా నిలబడే ఉండేవారు. కూర్చోమని మావాళ్ళు ఎవరితోనూ అన్నట్టు నేను వినలేదు.

నేను కతార్‌లో ఒక రాళ్ళ కంపెనీలో కాగితాలు చూసే ఉద్యోగం చేశాను. ఓడ దిగిన ప్రతి రాయికీ ఒక కాగితం, ప్రతి కాగితం కింద నా సంతకం. వరల్డ్ కప్ దగ్గరపడుతున్న కాలమది. దోహాలో ఎటు చూసినా తవ్విన రోడ్లూ, క్రేన్లూ, సగం లేచిన గోడలూ. మా కంపెనీ అప్పుడు ఒక పెద్ద హోటల్ లాబీకి నేల పరుస్తోంది. ఇటలీ నుంచి తెల్లరాయి తెప్పిస్తున్నారు. రాయి ఓడ ఎక్కకముందే అక్కడి ఫ్యాక్టరీలో సిమెంటు లేకుండా నేల మీద పరిచి, ఒక రాయి చార పక్క రాయి చారతో కలిసిందో లేదో చూసి, వెనక నంబర్లు వేయాలి. దోహాలో ఆ నంబర్ల ప్రకారమే అతికిస్తారు. వెళ్ళవలసిన ఇంజనీరుకు వీసా రాలేదు. పరిచేవాడే వచ్చి చూడాలని హోటల్ వాళ్ళు పట్టుబట్టారు. అలా నన్నూ, మా మేస్త్రీనీ పంపారు.

మేస్త్రీది మా ఊరే. మా గడి గోడలకు రాళ్ళు కొట్టింది వాళ్ళ తాత. కూలి ఇవ్వలేదు, ఆ రోజుల్లో ఇచ్చేవాళ్ళు కాదు. ఇతను రాయిని వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని, లోపల పగులు ఉందో లేదో చెప్పేవాడు. కతార్‌లో నన్ను దొర అని పిలిచేది అతనొక్కడే. మిగతావాళ్ళకు నేను సార్‌ని, కొందరికి అదీ కాదు. వద్దని నేను అతనితో ఎప్పుడూ అనలేదు.

అతనికి ఈ ప్రయాణం నాకంటే పెద్దది. పని సరిగా జరిగితే ఫోర్‌మన్‌ని చేస్తామని మేనేజరు మాటిచ్చాడు. బిర్కత్ అల్ అవామిర్‌లోని కూలీల క్యాంపులో అతను తొమ్మిదేళ్ళుగా ఇనుప మంచం పై అరలో పడుకుంటున్నాడు. మోకాళ్ళు అరిగాయి, నిచ్చెన ఎక్కుతుంటే మూలుగుతాడు. ఫోర్‌మన్‌కి ఇద్దరుండే గది, నేల మీద నిలిచే సొంత మంచం.

మమ్మల్ని ఎయిర్‌పోర్టులో దింపింది గోదావరి వైపు డ్రైవరు. దారంతా నోరు మూయలేదు.

"ఇటలీ అంటే జనం హనీమూన్‌కి వెళ్తారండీ సార్. తమరేమో మేస్త్రీని పట్టుకెళ్తున్నారు!"

మేస్త్రీ వెనక సీట్లో పడీ పడీ నవ్వాడు. "నువ్వు నడుపవయ్యా. హనీమూన్ గాదు, దొర తోని రాయి సూడబోతున్న."

నేను నవ్వలేదు. డ్రైవర్లతో నవ్వే అలవాటు నాకు లేదు.

మేము దిగిన ఊరు సముద్రం ఒడ్డున రేవు పట్టణం. స్టేషన్ వెనక సందులో హోటల్. మేము దోహాలో నేల పరుస్తున్న లాబీలో పెళ్ళి చేయవచ్చు. దీని లాబీలో గొడుగు తెరిస్తే గోడలు తగులుతాయి. లిఫ్టులో ఒక మనిషి, ఒక పెట్టె. మేస్త్రీ రెండు పెట్టెలూ పంపించి నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. కౌంటరు వెనక కళ్ళద్దాలు గొలుసుకు వేలాడుతున్న పెద్దావిడ మా పాస్‌పోర్టులు తీసుకుని, ఇత్తడి గుండు తగిలించిన తాళంచెవి ఒక్కటే ఇచ్చింది. గుండు ఎంత బరువంటే జేబులో వేస్తే ప్యాంటు జారుతుంది.

గది తలుపు తీస్తే నిలువెత్తు చెక్క కిటికీ రెక్కలు, గోడకు వాష్ బేసిన్, మధ్యలో ఒకే పెద్ద మంచం. దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు బిగించి కప్పిన ఒకే దుప్పటి.

ఇద్దరం గుమ్మంలోనే నిలబడ్డాం.

"ఒక్కటే మంచమున్నది దొరా."

"కనబడుతూనే ఉంది."

కిందికి వెళ్ళి ఇంకో మంచం అడగవచ్చు. అడిగితే, మా కంపెనీ మా ఇద్దరినీ ఒక మంచానికి సరిపెట్టిందని ఆవిడ ముందు ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం అది నా వల్ల కాలేదు. విమానంలో కూర్చొని కూర్చొని కాళ్ళు వాచి ఉన్నాయి. బూట్లు విప్పి మంచం అంచున కూర్చున్నాను. అతను అప్పటికే పెట్టెలోంచి తన దుప్పటి తీసి కిటికీ పక్కన నేల మీద పరిచాడు.

"చలి పెడుతుంది" అన్నాను.

"ఏం గాదు దొరా. అలవాటే." ఒంగి నేలను అరచేత్తో నిమిరాడు. "మొజాయిక్ గచ్చు సూడుండ్రి. గీ పాత హోటల్ల గూడ అతుకు కనబడ్తలేదు. ఎవడు జేసిండో గని మొగోడు."

నేను ఇంకోసారి చెప్పలేదు. ఒక్కసారి అన్నందుకే నాకు నేను మంచివాడిగా కనబడ్డాను. మాఘమాసపు చలి. పొద్దున లేచేసరికి అతను దుప్పటి మడిచి, ముఖం కడుక్కుని, గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు, నేను లేచేదాకా.

పొద్దుటి ఫలహారం కింద గదిలో. ప్లాస్టిక్ కవరులో చుట్టిన తియ్యటి రొట్టె, బొటనవేలంత కప్పులో కాఫీ. అతను నా బల్ల దగ్గర కూర్చోలేదు. పక్క బల్ల దగ్గరా కూర్చోలేదు. కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"గింతేనా? దగ్గు మందు పోసినట్టు పోసింది" అన్నాడు.

ఫ్యాక్టరీ వాళ్ళ కారులో వెళ్తుంటే దూరంగా కొండలు తెల్లగా కనబడ్డాయి. మంచు అన్నాను. "మంచు గాదు దొరా, రాయి పొట్టు" అన్నాడు. అడిగితే కారు నడిపేవాడూ అదే చెప్పాడు.

మొదటి రోజు పని బాగా జరిగింది. షెడ్డు నేల మీద లాబీ మొత్తం తెల్లగా పరుచుకుని ఉంది. మేస్త్రీ ప్రతి వరుస దగ్గరా మోకాళ్ళ మీద కూర్చొని, చెంప దాదాపు రాయికి ఆనించి, అటునుంచి వచ్చే వెలుతురులో చారలు చూసేవాడు. నిలబడి చూస్తే కనబడవు, పైకప్పు అద్దాల మెరుపు కళ్ళలో కొడుతుంది. నాలుగు చోట్ల రాళ్ళు మార్పించాడు. భాష రాకపోయినా అక్కడి పనివాళ్ళు అతని వేలు ఎటు చూపితే అటు జరిపారు. ఒక ముసలి పనివాడు వచ్చి అతని చేయి పట్టి ఊపాడు. నా చేయి ఎవరూ ఊపలేదు.

ఆ రాత్రీ అతను నేల మీదే.

రెండో రోజు పొద్దున అతను లేవలేదు. పక్కకు దొర్లి, బేసిన్ పట్టుకుని, ముప్పావుగంటకు నిటారుగా నిలబడ్డాడు. నడుము పట్టేసింది. ఆ నేల రాయి చల్లదనం రెండు రాత్రులు వీపులోకి ఎక్కింది.

"డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాను.

"ఒక్క దినం పని ఉన్నది. గింత దూరమొచ్చి ఇప్పుడు పండుకుంటనా? నడువుండ్రి దొరా."

చేయి గోడకు ఆనించి, ఒంగలేక, పని చూశాడు. ఎక్కడ అనుమానం వచ్చినా ముసలి పనివాడు మోకాళ్ళ మీద కూర్చొని అతనికి బదులు చూశాడు. మధ్యాహ్నం దాటాక ముసలాయన డ్యూటీ అయిపోయి వెళ్ళిపోయాడు. ఆఖరి వరుస మిగిలింది. రిసెప్షన్ బల్ల ముందు వచ్చే వరుస, అందరి కళ్ళూ పడేది.

"దొరా, గీ వరుస మీరు జర వంగి సూడుండ్రి. నాతోని గాదు. చారలు కలిసినయా లేదా, గంతే."

చుట్టూ నలుగురైదుగురు పనివాళ్ళు సిగరెట్లు కాలుస్తూ చూస్తున్నారు. నేను ఇస్త్రీ ప్యాంటులో ఉన్నాను. మేస్త్రీ చెప్పగా వాళ్ళందరి ముందు మోకాళ్ళ మీద కూర్చోవడం అన్న ఆలోచనకే నా వెన్ను బిగుసుకుంది. చేతులు వెనక్కి కట్టుకొని వరుస పొడవునా నడిచాను. మెరుపు తప్ప ఏమీ కనబడలేదు.

"సరిగానే ఉంది" అన్నాను.

"మీరు సూసినంక ఇంకేంది" అని అతను నంబర్లు వేయించాడు. కాగితం మీద అతను సంతకం పెట్టాడు, దాని పక్కన నేను.

మూడో రాత్రి మంచం మీద పడుకోమని చెప్పాను, గట్టిగానే. అతను ఒప్పుకోలేదు. నేను దిగుతానని మాత్రం అనలేదు.

బయలుదేరే పొద్దున, అతను గోడకు ఆనుకొని బూట్లు తొడుక్కుంటుండగా, గదులు తుడిచే అమ్మాయి వచ్చింది. మా ఎదుటే దుప్పటి లాగేసింది. కింద రెండు పరుపులు. మోకాలితో ఒక్క తోపు తోసింది. మంచం మధ్యలో విడిపోయి రెండు ఒంటరి మంచాలయింది. వాటి మధ్య చీపురు పెట్టి ఊడ్చుకుంటూ పోయింది.

మూడు రోజులు ఆ దుప్పటి అంచు ఎత్తి చూడాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. దొర మంచం అతను తాకడు. నేను పక్క సర్దుకునే మనిషిని కాను.

మేస్త్రీ కాసేపు చూసి నవ్వబోయి, నడుము పట్టుకున్నాడు. "నవ్వియ్యకు తల్లీ, నొస్తది" అన్నాడు ఆ అమ్మాయితో తెలుగులోనే.

రాళ్ళు దోహాకు వచ్చాయి, పరిచారు, పాలిష్ పెట్టారు. ఒక సాయంత్రం ఎండ ఏటవాలుగా లాబీలోకి వచ్చినప్పుడు హోటల్ వాళ్ళ మనిషి రిసెప్షన్ ముందు ఆగిపోయాడు. ఆఖరి వరుసలో రెండు రాళ్ళు అటుది ఇటు తిరిగి ఉన్నాయి. వాగులా పారుతూ వచ్చిన బూడిదరంగు చార అక్కడ తెగి, జానెడు దూరంలో మళ్ళీ మొదలయింది. ఆ వరుస మొత్తం పగలగొట్టాలి, కొత్త రాయి రావాలి. అతిథులు దిగే రోజులు దగ్గరపడ్డాయి.

సైట్ ఆఫీసుకు ఇద్దరినీ పిలిచారు. ఆ వరుస ఎవరు చూశారని మేనేజరు అడిగాడు.

"మైనే దేఖా సర్" అన్నాడు మేస్త్రీ.

నేను ఫైలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఫోర్‌మన్ కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. మేనేజరు దాన్ని సొరుగులో పెట్టి మూశాడు. ఈ నెల జీతంతో మేస్త్రీని ఊరికి పంపేయాలా అని ఆలోచిస్తానన్నాడు.

బయట పికప్ దగ్గర మేస్త్రీయే అన్నాడు: "మీరేం జెప్పకుండ్రి దొరా. మీ మీద మాట రావద్దు."

"నువ్వెందుకు మీద వేసుకున్నావు?"

"మరెట్ల? ఊర్లె తెలిస్తె మీకు మంచిగుంటదా?"

మా తాత కాలంలోనూ మా మీదికి రావలసిన మాట వాళ్ళ మీదికే పోయేది. మా ఇంట్లో దాన్ని విశ్వాసం అనేవారు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అలసటా అది, సిగ్గా అంటే చెప్పలేను. మా ఇంట్లో నిజం చెప్పే అలవాటు ఉందని కాదు. అతను తొమ్మిదేళ్ళుగా ఎక్కే నిచ్చెన మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు. మూడో రోజు మేనేజరు గదికి వెళ్ళాను.

"ఆఖరి వరుస చూసింది నేను. నిలబడి చూశాను."

"ఒంగి చూడాలని నీకు తెలియదా?"

"తెలుసు."

"మరి?"

ఫైలు తెరిచి, ఆ కాగితం మీద నా సంతకం చూపించాను. అతను ఒక తెల్లకాగితం నా ముందుకు తోసి, రాసివ్వమన్నాడు. రాసిచ్చాను.

మేస్త్రీ ఫోర్‌మన్ అయ్యాడు. నన్ను ఆఫీసు నుంచి బిర్కత్ అల్ అవామిర్‌లోని రాళ్ళ యార్డుకు మార్చారు. జీతం తగ్గింది. దోహా నడిబొడ్డున ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉన్న గది ఖాళీ చేసి ఆరుగురుండే క్యాంపు గదికి వచ్చాను, పై అరకు. వారానికి అతను చూడటానికి వచ్చాడు.

"కింది మంచం అడుగలేదా దొరా?"

"అడగను."

"నాకు దెల్సు మీరడుగరని." వెళ్ళి క్యాంపు బాస్‌తో ఏదో మాట్లాడి వచ్చాడు. సాయంత్రానికి కింది మంచం నాదయింది. అతను దాని మీద, నేను చెప్పకముందే, నా పక్కన కూర్చున్నాడు. నాకు ఎక్కడో కొంచెం తగిలింది. అయినా జరిగి చోటిచ్చాను. "నడుము ఎట్లుంది?" అన్నాను. ఇటలీ నుంచి వచ్చినప్పటి నుంచీ నేను అడగవలసిన మాట అది.

"రాయి మీద పంటె గిట్లనే ఉంటది" అన్నాడు.

ఆ ఎండాకాలం ఊరి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. పాత సామాను కొనేవాడొకడు గడిలోని పందిరి మంచం కోసం హైదరాబాదు నుంచి మళ్ళీ వచ్చాడట. అంతకుముందు రెండుసార్లు వద్దన్నది నేనే. "దుబాయిల నీ జీతం తగ్గిందంటివి గదా అన్నా, ఏం జెయ్యమంటవు?" అన్నాడు. దుబాయి కాదు, కతార్ అని చెప్పే ఓపిక లేక సరేనన్నాను.

పందిరి మంచం అమ్మాం. మంచం కోళ్ళు విడిగా, పలకలు విడిగా విప్పి ట్రాలీ ఆటోలో తీసుకుపోయారు.