అరువు సోఫా మీద ఆదాయం విచారణ

మా ఇంట్లో లేమి ఉండేది గానీ, దాన్ని నలుగురికీ చూపించే అలవాటు లేదు. మెట్టుగూడలో రెండు గదుల అద్దె ఇల్లు. నాన్న చిలకలగూడలో ఒక టైలర్ షాపులో స్కూలు యూనిఫాంలు కుట్టేవారు. ఆదివారం చర్చికి మాత్రం తన చేత్తో కుట్టుకున్న కోటు వేసుకుని బయల్దేరితే, కొత్తవాళ్లు ఆయన్ని ఏదో ఆఫీసులో మేనేజరనుకునేవారు. అమ్మకు కావలసిందీ అదే.

అలాంటి ఇంట్లో నాకు డిగ్రీ సీటొచ్చింది. ఆ ఫీజు కట్టడం మా వల్ల అయ్యే పని కాదు. ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకు ప్రభుత్వమే ఫీజు కడుతుందనీ, దానికి ఆదాయం సర్టిఫికెట్ కావాలనీ కాలేజీలో చెప్పారు. దరఖాస్తు పెట్టాం. విచారణకు రేపు ఇంటికి వస్తున్నానని ఆఫీసరు ఫోన్ చేశారు. ఆయన చూసి, మేం లేనివాళ్లమని రాస్తేనే నాకు కాలేజీ. లేకపోతే నాన్న పక్కన కూర్చుని గుండీలు కుట్టుకోవడమే.

ఇదంతా వివరంగా చెబితే, అమ్మ బుర్రకెక్కింది ఒక్కటే. మన ఇంటికి ఆఫీసరొస్తున్నాడు!

తెల్లవారేసరికి అమ్మ నడుం బిగించింది. ఎదురింటి ఆంటీ వాళ్ల సోఫా మా గుమ్మంలో పట్టక, అడ్డంగా నిలువుగా తిరిగి, చివరికి గోడ సున్నం గీరుకుంటూ లోపలికొచ్చింది. పై వాటా నుంచి గాజు టీపాయ్ దిగింది. పక్కింటి నుంచి బంగారు అంచు కప్పులొచ్చాయి. క్రిస్మస్‌కి తప్ప బయటికి రాని కర్టెన్లు కిటికీలకెక్కాయి.

"మమ్మీ, ఆయన వచ్చేది మనం గరీబోళ్లమా కాదా అని చూడనీకి!" అన్నాను ఏడుపు గొంతుతో.

"అయితేందీ? ఇంటికొచ్చిన మనిషిని చాప మీద కూసోబెడ్తమా? ఇజ్జత్ ఉండాలె గద!"

నాన్నయినా అడ్డుపడతారని చూశాను. ఆయన కోటు ఇస్త్రీ చేసుకుంటున్నారు.

ఆఫీసరు వచ్చి సోఫాలో కూర్చున్నారు. కర్టెన్లు చూశారు, టీపాయ్ చూశారు, నాన్న కోటు చూశారు.

"ఏం పని చేస్తరు సార్?" అని నాన్నను అడిగారు. ఆఫీసరే మా నాన్నను సార్ అంటున్నాడంటే నా చదువు గంగలో కలిసినట్టే అనుకున్నాను.

"టైలర్‌ను సార్."

"సొంత షాపా?"

నాన్న నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "ఆయన చెయ్యి పడితే చాలు సార్, సికింద్రాబాద్ మొత్తంల అంత మంచిగ కుట్టెటోళ్లు లేరు!"

ఆఫీసరు పెన్ను ఆగిపోయింది. అమ్మ ఆయన చేతికి బంగారు అంచు కప్పులో టీ అందించింది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి ఆంటీ గుమ్మంలో నిలబడింది. "వదినా, ఏమనుకోకు. మా ఆడపడుచు బొల్లారం నుంచి చెప్పకుండ దిగింది. సోఫా జెర కావాలె." ఆఫీసరు కప్పుతో సహా లేచి నిలబడ్డారు. ఆంటీ, వాళ్లాయన సోఫా మోసుకుపోయారు. అది చూసి పై వాటా ఆయన కూడా దిగొచ్చి, పనిలో పని తన టీపాయ్ పట్టుకుపోయాడు. ఇక పక్కింటావిడ వచ్చి, ఆఫీసరు చేతిలోని కప్పునే చూస్తూ, "మెల్లగ తాగుండ్రి సార్, తొందరేం లేదు" అంది.

అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె మీద అంత కోపం, అంత జాలి నాకు ఒకేసారి ఎప్పుడూ రాలేదు.

నాన్న తన కుట్టు మిషను ముందున్న స్టూలు తెచ్చి వేశారు. ఆఫీసరు కూర్చుని, "మరి కోటు ఎవలది సార్?" అన్నారు.

"గిది నాదే సార్." నాన్న కోటు తిప్పి లోపలివైపు చూపించారు. లోపలంతా యూనిఫాంల కత్తిరింపు ముక్కలే. నీలం గళ్లు, ఎర్ర గళ్లు, ఏ స్కూలుదో ఒక జేబు.

ఆఫీసరు నవ్వలేదు. టీ పూర్తిచేసి, కప్పు పక్కింటావిడకే ఇచ్చి, రాసుకుని వెళ్లిపోయారు.

సర్టిఫికెట్ వచ్చింది. నేనూ నాన్నా ఎగిరి గంతేశాం. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, మా ఆదాయం రాసిన చోట వేలు పెట్టి, చాలాసేపు చూసింది.

"గింత తక్కువేందీ? టీ సుత తాగిండు గద, జెర ఎక్కువ రాస్తే ఆయన సొమ్మేం పోతుండె?" అంది, కళ్లు తుడుచుకుంటూ.