రెండు గీతలు

ఏ పికప్ బండి వచ్చినా కమాన్ల మేస్త్రీ, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు బాగుచేసేవాడు, ముందు పానా పట్టడు, బిందె పడతాడు. షెడ్డు ముందు సిమెంటు నేల మీద అడ్డంగా నీళ్లు పోసి, బండిని వాటి మీదుగా నడిపించి, గొంతుకూర్చుని తడి చక్రాల జాడ చూస్తాడు. వెనక చక్రాలు ముందు చక్రాల జాడలోనే నడిస్తే రెండు గీతలు. వెనక ఇరుసు పక్కకి జరిగితే నాలుగు. నాలుగు కనబడ్డాయంటే పెళ్లిపిలుపు అందినట్టు ఆయన ముఖం వెలిగిపోతుంది.

ఆ ఉదయం గుడ్లబండి అమ్మాయి వచ్చింది. "బాబాయ్, బరువుకి వెనక కుంగిపోయి రోజుకో ట్రే గుడ్లు పగులుతున్నాయి. ఇంకో కమాన్ పట్టీ వెయ్యి చాలు. ఎడమకి లాగుతుందనుకో, మూడేళ్లుగా కుడికి తిప్పిపట్టే నడుపుతున్నా."

నేల మీద నాలుగు గీతలు పడ్డాయి. "పట్టీ వేస్తాలే గానీ, నీ బండి పీతలా నడుస్తోందమ్మాయ్!" అంటూ మేస్త్రీ కమాన్ల నడుమ తెగిన బోల్టు మార్చి, ఇరుసును దాని చోటికి తెచ్చి, కొత్త పట్టీ బిగించాడు. ఆమె ఎక్కి కదిలించిందో లేదో, బండి కుడిపక్క గోడ మీదకి పోయింది. బ్రేకు తొక్కి, "ఇంకా లాగుతోంది బాబాయ్!" అని అరిచింది.

మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నాళ్లూ మద్దెలే ఓడు. ఇప్పుడు ఆటే రావట్లేదు నీకు! లాగుతున్నవి నీ చేతులు. వదిలి చూడు."

ఆమె బండిని వెనక్కి తీసి నిలబెట్టింది, ఆయన దాని ముందు మళ్లీ నీళ్లు పోశాడు. నమ్మీ నమ్మక స్టీరింగు వదిలి కదిలించింది. బండి ముక్కుసూటిగా గేటు వైపు సాగింది. లోపల ఆమె రెండు చేతులూ ఎత్తి, నవ్వుతూ జుట్టు ముడేసుకుంటోంది. మేస్త్రీ మాత్రం అటు చూడలేదు. నేల మీది రెండు గీతలూ ఆరిపోయేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాడు.